పులికాట్ పడవలకు మరమ్మతు షెడ్డు ఏదీ?

అయ్యా,

చలికాలం రాగానే తిరుపతి జిల్లా పర్యాటక ప్రకటనలన్నీ పులికాట్ సరస్సు చుట్టూ తిరుగుతాయి. 2025 జనవరి 18 నుంచి 20 వరకు సూళ్లూరుపేట కేంద్రంగా జరిగిన ఫ్లెమింగో పండుగలో తడ సమీపంలోని భీమునివారిపాళెం పడవ షికారు కూడా భాగమే. మరిన్ని పడవలు తెస్తామనే మాట తరచుగా వింటున్నాం గానీ, ఉన్న పడవలను ఒడ్డుకెక్కించి బాగుచేసే చోటు గురించి మాట్లాడేవారే లేరు.

కిందటి చలికాలంలో మన జిల్లాలోనే ఒకచోట మా కుటుంబం పడవ అద్దెకు తీసుకుంది. కాసేపటికే కాళ్ల కింద నీళ్లు ఊరాయి. పడవ నడిపే కుర్రవాడు సగానికి కోసిన నూనె డబ్బాతో ఆ నీటిని తోడిపోస్తూనే ఉన్నాడు. పక్క అంచున జానెడు పగులు మీద ఎం-సీల్ మెత్తి, పైన నీలం రంగు పూశారు. అడిగితే, బాగుచేయించాలంటే లారీలో వేసుకుని దూరం పోవాలని, సీజన్‌లో రెండు దినాలు పడవ ఆగితే కూలి పోతుందని చెప్పాడు. అతణ్ణి తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు.

ఫైబర్ పడవకు పైన నున్నటి పూత ఉన్నంతకాలమే రక్షణ. పులికాట్‌లో చాలాచోట్ల మీటరు లోతు కూడా ఉండదు కాబట్టి అడుగుభాగం తరచూ నేలను రాసుకుంటుంది. గీతలు పడి పూత లేచిపోయిన చోట ఉప్పునీరు లోపలి పొరల్లోకి దిగుతుంది. అలాంటి పడవను నీడలో బాగా ఆరబెట్టి, చెడిన పొరను గీకేసి, గాజుపీచు చాప పరిచి రెసిన్ పట్టించాలి; తడి మీద పూస్తే అది పట్టు నిలవదు. ఇసుకలో బోర్లించి, వాన రాకముందే ముగించాలనే తొందరలో అయ్యే పని కాదిది. కట్టే చోటు సంగతీ అంతే. ఈశాన్య రుతుపవనాల గాలికి ఒకే గుంజకు కట్టిన నాలుగు పడవలు రాత్రంతా ఒకదాన్నొకటి కొట్టుకుంటే, తెల్లవారేసరికి అంచులు చిట్లకుండా ఎలా ఉంటాయి?

50 మందికి పైగా మరణించిన 2019 నాటి కచ్చులూరు దుర్ఘటనకు మూలం మరమ్మతు లోపం కాదు, వరద గోదావరిలో పడవను వదలడమే. అయితే ఆ తర్వాత మన చూపంతా లైఫ్ జాకెట్లు, ప్రయాణికుల జాబితాల దగ్గరే ఆగింది. 1917 నాటి చట్టం స్థానంలో వచ్చిన అంతర్దేశీయ నౌకల చట్టం, 2021 మరపడవలకు రిజిస్ట్రేషన్, తనిఖీ ధ్రువపత్రం, బీమా ఉండాలంటోంది. పడవను నీటిపైకి ఎత్తకుండా దాని అడుగును తనిఖీ చేయడం ఎలాగో నాకు అర్థం కాదు.

కాబట్టి తడ వైపు ఒడ్డున, పక్షుల రక్షిత ప్రాంతానికి వెలుపల, ఏటవాలు సిమెంటు దారి, దానిపై పడవను లాగే చేతి మర, ఒక రేకుల షెడ్డు, విడివిడిగా కట్టుకోవడానికి తగిన గుంజలు ఏర్పాటు చేయాలని కోరుతున్నాను. రెసిన్ డబ్బాలు, ఇంజిన్ నూనె సరస్సులోకి పోకుండా చూడడం ఆ ప్రణాళికలో మొదటి షరతు కావాలి. లేకుంటే కొంగలను చూపడానికి పోయి కొంగలనే తరిమినట్టవుతుంది. షెడ్డు కేవలం షికారు పడవలకే పరిమితం కారాదు. మత్స్యకారులకు, ఆసుపత్రికైనా సంతకైనా పడవే దిక్కైన ఇరకం దీవి వాసులకు తక్కువ రుసుముతో అందులో చోటివ్వాలి. ఫైబర్ పని నేర్చిన స్థానిక యువకులకే దాని నిర్వహణ అప్పగిస్తే, పడవ ఆగిన రోజుల్లోనూ వారికి కూలి దొరుకుతుంది.

ఇదంతా ఒక్క ఏడాదిలో కాదని తెలుసు. ఈలోగా అద్దె పడవలున్న ప్రతిచోటా, ఒక్కో పడవను చివరిసారి ఒడ్డుకెక్కించి చూసిన తేదీ, ఎక్కించుకోదగిన మనుషుల సంఖ్య, అద్దె ధర పెద్ద అక్షరాలతో తెలుగులోనూ, చెన్నై నుంచి వచ్చేవారి కోసం తమిళంలోనూ రాసి ఉంచాలని రాబోయే సీజన్‌కు ముందే ఆదేశించవలసిందిగా జిల్లా కలెక్టరుగారిని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు, తిరుపతి