ఎవరూ ఏమీ అనలేదు కదమ్మా!

మన కొట్టులో బట్ట కొనే అందరికీ,

దసరా ముందు తెప్పించిన కలంకారీ తానుల్లో మూడు కలంకారీ కాదు, స్క్రీన్ ప్రింటు. చిలకల డిజైను, ఏనుగుల వరస, మెరూన్ మీద నల్లతీగ. బందరు పక్క పెడనలో చెక్క అచ్చులతో చేత్తో వేసిన అద్దకమని చెప్పి మీటరు 380 రూపాయలకు మీకు అమ్మింది నేనే. తెలిసి అమ్మలేదు, కానీ తెలుసుకోవాల్సిన మనిషిని నేనే.

ఆ మూడింటిలో ఏది కొన్నా తీసుకురండి. కుట్టించినా, ఉతికినా, దిండు గలేబు చేసినా సరే, గుడ్డ ఖరీదు వాపసిస్తాను. బిల్లు అక్కర్లేదు. కుట్టుకూలి మాత్రం ఇచ్చుకోలేను, ఏమీ అనుకోకండి.

ఇక జరిగింది చెబుతాను.

కార్తీకమాసంలో ఒక టీచరమ్మగారు వచ్చారు. రిటైరై పదేళ్లయింది, మొదట్నుంచీ నా దగ్గరే కొంటారు. సంచిలోంచి పేపరు పొట్లం తీసి బల్ల మీద పెట్టి, "ఐదో ఉతుకమ్మా ఇది" అన్నారు, అంతే. విప్పితే చిలకల జాకెట్టు, దాంతోపాటు నానబెట్టిన తెల్ల తువ్వాలు. తువ్వాలు మీద గులాబీ మరకలు. నేను అలవాటు కొద్దీ "సహజ రంగులు కదండీ, మొదట్లో కాస్త..." అని మొదలుపెట్టాను. ఆవిడ నా మొహంలోకి చూశారు. ఐదో ఉతుకని ఆవిడ అప్పటికే చెప్పారు కదా. నోరు మూసుకున్నాను.

రాత్రి కొట్టు కట్టేశాక మిగిలిన తాను విప్పి బల్ల మీద పరిచాను. ట్యూబులైటు కింద వరసగా చిలకలు. మూడో చిలక రెక్కలో ఆవగింజంత తెల్లచుక్క. కింది వరసలోనూ మూడో చిలకకే, అదే ఈకలో, అదే చుక్క. అచ్చు చెక్క కాస్త విరిగినా ఇలాగే పడుతుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకుని అతుకులు వెతికాను. చేత్తో అచ్చు వేసేటప్పుడు ఒక అచ్చు పక్కన ఇంకోటి ఆనించేచోట గీత వెంట్రుకవాసి తప్పుతుంది. ఒకచోట రెండు గీతలూ ఒకదాని మీదొకటి పడి చిక్కబడతాయి, ఇంకోచోట సన్నటి సందు మిగులుతుంది. పన్నా అంతా వేలితో తడుముకుంటూ పోయాను. ఒక్క అతుకు లేదు. తిరగేసి చూస్తే వెనకవైపు నలుపు ఊసే లేదు, అంతా పైపై పూతే. అసలు అద్దకంలో తుప్పు ఇనుము, బెల్లం ఊరబెట్టిన నీళ్లు కరక్కాయ పట్టిన బట్ట మీద పడి, అక్కడికక్కడ నలుపు తిరుగుతుంది. అది నూలులోకి దిగుతుంది కాబట్టి వెనక కూడా కనబడుతుంది.

ఇదంతా మీకు కొత్త కాదు. కొట్టుకొచ్చిన ప్రతివాళ్లకీ బట్ట తిరగేసి చూపించి పాఠం చెప్పేది నేనేగా. అదే మరి నా బాధ.

సరుకు వేసే ఆయన్ని పొద్దున్నే ఫోన్లో పట్టుకున్నాను. ఆయన అద్దకం మనిషి కాదు. పెడనలో నాలుగైదు షెడ్ల దగ్గర కొని నాలాంటి చిన్నకొట్లకి వేస్తాడు. పదకొండేళ్ల లావాదేవీ. దాచలేదు, ఒప్పుకున్నాడు. వానలట. నిజమే, వానలు పట్టుకుంటే అద్దకం ముందుకి కదలదు. కరక్కాయ నీళ్లలో ముంచిన బట్ట ఎండాలి. అచ్చేశాక ఆరాలి, కాలవలో జాడించాలి. ఆ తర్వాత రాగి కాగులో రంగునీళ్లలో ఉడకబెడితేనే పటిక అచ్చు పడినచోట ఎరుపు పైకి వస్తుంది. మళ్లీ ఎండలో ఆరేయాలి. ఎండ లేకపోతే ఎక్కడ పని అక్కడే. ఆ మాట చెప్పి ఉంటే దసరా పోయి సంక్రాంతి వచ్చినా ఆగేదాన్ని. చెప్పకుండా ఎక్కడిదో స్క్రీన్ ప్రింటు తెచ్చి ఆర్డరు నింపేశాడు. గట్టిగా అడిగితే ఆయన అన్న మాట ఇదీ: "ఆరు వారాలైంది, మీ కస్టమర్లు ఒక్కరన్నా ఏమన్నా అన్నారా? ఎవరూ ఏమీ అనలేదు కదమ్మా!"

జవాబు చెప్పలేక ఫోను పెట్టేశాను. ఎందుకంటే ఆ మాట నాదే. కొట్టు పెట్టి పద్నాలుగేళ్లు. సరుకు ఎలా ఉందని మా ఆయన ఎప్పుడడిగినా "ఎవరూ ఏమీ అనలేదు, బాగున్నట్టే" అంటూ వచ్చాను.

ఆ తర్వాత మూడు వారాలు నిద్ర లేదు. టీచరమ్మగారికి డబ్బిచ్చేసి, మిగిలిన తానులు తీసి లోపల పడేస్తే ఎవరికీ తెలియదు. మా ఆయన అదే సలహా ఇచ్చారు, అడగనివాళ్లకి పిలిచి మరీ చెప్పడమేమిటని. డబ్బు గురించి కూడా భయమే, లేదనను. కానీ డబ్బు కంటే ఎక్కువగా నన్ను ఆపింది, అచ్చు అద్దకాన్ని కనిపెట్టడం ఎలాగో ఊరందరికీ చెప్పే మనిషి ఆరు వారాలు స్క్రీన్ ప్రింటు అమ్మిందట అని మీరు నవ్వుకుంటారని. ఒకరోజు చెప్పేద్దామనుకునేదాన్ని, మర్నాడు పొద్దున్నకి వద్దులే అనుకునేదాన్ని. ఒకసారి ఈ ఉత్తరం రాసి చించేశాను కూడా. చివరికి పద్దుపుస్తకంలో ఉన్న నంబర్లకి ఒక్కొక్కటిగా ఫోను చేయడం మొదలుపెట్టాను. అడగందే అమ్మయినా పెట్టదంటారు. నేను ఏనాడైనా అడిగానా అసలు? గల్లా పక్కన "మీ అభిప్రాయం రాయండి" అని ఒక పుస్తకం పెట్టి, పెన్నుకి దారం కట్టాను. అందులో పద్నాలుగేళ్లలో నిండినవి ఆరు పేజీలు. ఆరింటిలోనూ "చాలా బాగుంది".

ఫోన్లో విన్నవి దాచకుండా రాస్తున్నాను. మీలో ఎవరివి ఏవో మీకే తెలుస్తాయి.

ఎక్కువమంది అన్నది, తప్పు తమదే అనుకున్నామని. మొదట్లో రంగు వదులుతుంది, ఉప్పునీళ్లలో నానబెట్టండి, నీడన ఆరేయండి, సోడా సబ్బు వాడకండి అని అమ్మేటప్పుడే నేను చిలకపలుకులు పలుకుతాను. బట్ట పాడైతే ఎక్కడ నియమం తప్పామో అని వాళ్లనే వాళ్లు తిట్టుకున్నారు. ఒకామె కోడల్ని కూడా తిట్టిందట. మీ బట్టకి మంచి జరగాలని చెప్పిన జాగ్రత్తలే నాకు అడ్డుగోడ అయి కూర్చున్నాయి, నాకు తెలియకుండానే.

ఇంకొందరు, చిన్నకొట్టు కదా, ఎందుకులే మనసు కష్టపెట్టడం అనుకున్నారట. ఈ జాలి నాకు నచ్చలేదు. జాలిపడి ఊరుకున్నవాళ్లలో ఇద్దరు ఆ తర్వాత బజార్లో పెద్ద షాపులో కొన్నారు. నా మీద జాలి ఉంటే నా కొట్టుకొచ్చి నన్ను తిట్టాలి గానీ...

ఇద్దరు, డబ్బు కోసం పేచీ పెడుతున్నామనుకుంటారని ఊరుకున్నారు. బేరమాడేటప్పుడు లేని మొహమాటం అప్పుడెక్కణ్ణుంచి వచ్చిందో!

అన్నిటికంటే గుచ్చుకున్నది వేరే. "మూడేళ్ల కిందట దుప్పటి అంచు గురించి చెబితే మీరు మొహం మాడ్చుకున్నారు, అందుకే ఈసారి చెప్పలేదు" అన్నారొకావిడ. నాకు గుర్తులేదు. నిజం చెప్పాలంటే ఆ దుప్పటి అంచులో తప్పేమీ లేదని ఇప్పటికీ నా నమ్మకం. కానీ మొహం మాడ్చుకునే ఉంటాను, నా మొహం సంగతి నాకు తెలుసు.

ఆ మధ్య ఒక పుస్తకంలో చదివాను. 1643లో లండన్ నుంచి ఈస్టిండియా కంపెనీ డైరెక్టర్లు సూరత్‌లో ఉన్న తమవాళ్లకి ఉత్తరం రాశారట. మీరు పంపే అద్దకం బొంతల్లో ముదురు ఎరుపు నేల, అంటే పూల వెనకుండే రంగు, ఇక్కడ అంతగా పోవట్లేదు, తెల్లనేల ఎక్కువ ఉంచి పూలూ కొమ్మలూ వేయించండి అని. అది మన బందరుకి రాసింది కాదులెండి, ఇక్కడికీ 1611లోనే ఇంగ్లీషువాళ్లు దిగినా. కానీ ఆ తర్వాత కాలంలో ఐరోపాకి వెళ్లిన మనదేశపు అద్దకాల్లో తెల్లనేలే మామూలైంది. నెలల తరబడి ఓడలో వచ్చిన ఫిర్యాదు అందాల్సినవాళ్లకి అందింది. రెండు వీధుల అవతలి మాట నాకు అందలేదు.

బాగున్నప్పుడైనా చెబుతారా అంటే అదీ లేదు. పెళ్లిలో చీర బాగుందన్న మాట కట్టుకున్నవాళ్లకి వెళుతుంది, కుట్టు బాగుంటే టైలరుకి వెళుతుంది. కాగు దగ్గర పొగలో నిలబడ్డవాడిదాకా ఏదీ పోదు. ఒక్కసారి మాత్రం ఒకమ్మాయి తొమ్మిదేళ్లు తొడిగి మోచేతుల దగ్గర జల్లెడైపోయిన కుర్తా తెచ్చి, "ఇదే అచ్చు మళ్లీ కావాలి" అంది. ఒక్క పొగడ్త మాట లేదు. ఆ కుర్తా ముక్క పెడన తీసుకెళ్లి అచ్చు వేసినాయనకి చూపిస్తే, ఆయన అతుకు దగ్గర వేలు పెట్టి "ఇక్కడ చెయ్యి జారింది" అన్నాడు. ఆ ముక్క తిరిగి ఇవ్వలేదు, షెడ్డు గోడకి మేకు కొట్టి తగిలించుకున్నాడు.

ఇకనుంచి ఆ షెడ్డు దగ్గరే నేరుగా తెచ్చుకుంటున్నాను. డిజైన్లు తగ్గుతాయి, మీటరు 430 అవుతుంది, వానాకాలంలో సరుకు ఉండకపోవచ్చు. స్క్రీన్ ప్రింటే బాగుంది, రంగు గట్టి రకం తెచ్చి చవగ్గా అమ్మండి అని ఫోన్లో నలుగురు అడిగారు. మీకది నచ్చడంలో తప్పు లేదు, బజారునిండా దొరుకుతుంది. నా కొట్టులో మాత్రం పెట్టను. మొండితనం అనుకోండి, పరవాలేదు. మిగిలిన 60 మీటర్లూ కూరగాయల సంచులు కుట్టించాను. కొన్నవాళ్లకి ఒకటి ఉచితం.

పుస్తకం మార్చాను. "మీ అభిప్రాయం" తీసేసి, "మొదటి ఉతుకులో ఏమైంది?" అని రాసి పెట్టాను. మొదట రాసినవారు పేరు రాయలేదు: "మంగళవారం వస్తే తాళం వేసి ఉంది. బోర్డు మీద సెలవు ఆదివారమే అని ఉంది." నిజమే, ఆ రోజు పెడన వెళ్లాను. మళ్లీ వచ్చే మంగళవారం వెళుతున్నాను. ఈసారి తలుపు మీద కాగితం అంటించే వెళతాను.