గ్రాండ్‌స్లామ్ లెక్కల్లో కునియెదా ఎక్కడ?

ఎడిటర్ గారికి,

టెన్నిస్ ఆటగాడు జకోవిచ్ గెలిచిన 24 గ్రాండ్‌స్లామ్ (నాలుగు పెద్ద టోర్నీల) సింగిల్స్ టైటిళ్ల పట్టిక మీ ఆటల పేజీలో వచ్చిన ప్రతిసారీ నాకు ఒకటే చిరాకు. జపాన్‌కు చెందిన షింగో కునియెదాకు 50 గ్రాండ్‌స్లామ్‌లు ఉన్నాయండీ, సింగిల్స్‌లో 28, డబుల్స్‌లో 22. ఆయన ఆడింది వీల్‌చైర్ టెన్నిస్. అందులో ఒక్కో గ్రాండ్‌స్లామ్‌కి చాలాకాలం ఎనిమిది మందే ఆడేవారని నాకూ తెలుసు, ఇద్దర్నీ ఒకే గాటన కట్టమనడం లేదు. కానీ అసలు ఆ పేరే కనపడకపోతే ఎలా?

తొమ్మిదేళ్ల వయసులో వెన్నుపాములో కణితి వచ్చి నడక పోయింది. 11 ఏళ్లకు రాకెట్ పట్టారు. 2004 ఏథెన్స్ పారాలింపిక్స్‌లో డబుల్స్ స్వర్ణం, 2008లోనూ 2012లోనూ సింగిల్స్ స్వర్ణాలు.

"బంతి రెండుసార్లు పడ్డాక కొట్టొచ్చు కదా, అదేం కష్టం?" అని మా ఆఫీసులో ఒకాయన అన్నాడు. కుర్చీ పక్కకి జరగదు మహాశయా! రెండడుగులు పక్కకి వేసినంత తేలిగ్గా మనం అందుకునే బంతికి వాళ్లు కుర్చీ మొత్తం తిప్పాలి, అదీ రాకెట్ పట్టుకున్న చేత్తోనే చక్రం తోస్తూ, కొట్టిన మరుక్షణం మళ్లీ తిరిగి తర్వాతి బంతికి సిద్ధం కావాలి. అయినా కునియెదా వీలైనప్పుడల్లా మొదటి బౌన్స్‌కే కొట్టేసేవారు.

2016లో మోచేతికి ఆపరేషన్ అయింది, ఆ ఏటి రియో పారాలింపిక్స్ సింగిల్స్‌లో క్వార్టర్ ఫైనల్లోనే ఓడారు. ఇక అయిపోయిందనుకుంటే బ్యాక్‌హ్యాండ్‌ని మార్చుకుని వచ్చి 2021లో సొంత గడ్డ మీద, టోక్యోలో స్వర్ణం కొట్టారు. మిగిలింది వింబుల్డన్ సింగిల్స్. అక్కడ వీల్‌చైర్ సింగిల్స్ పెట్టిందే 2016లో, పచ్చిక మీద చక్రం కదలడమూ కష్టమే. 2022లో బ్రిటన్ ఆటగాడు ఆల్ఫీ హెవెట్‌పై మొదటి సెట్ పోగొట్టుకుని, చివరి సెట్ టైబ్రేక్‌లో గెలిచి అదీ అందుకున్నారు. 2023 జనవరిలో నంబర్ వన్‌గా ఉండగానే ఆట మానేశారు.

2012 లండన్ పారాలింపిక్స్‌లో కునియెదా ఆడిన ఆటను వీడియోలో చూసి ఒక జపాన్ పిల్లాడు, టోకిటో ఒడా, టెన్నిస్ మొదలుపెట్టాడు. ఎముక క్యాన్సర్‌తో కాలు దెబ్బతిన్న పిల్లాడు. 18 ఏళ్లకే 2024 పారిస్ స్వర్ణం గెలిచాడు. మన పిల్లలు చూద్దామన్నా కనపడాలిగా!

వచ్చే గ్రాండ్‌స్లామ్‌కి వీల్‌చైర్ ఫైనల్స్ స్కోర్లు రెండు లైన్లు వేయండి చాలు. చోటు లేదంటే రాశిఫలాలు కాస్త కుదించండి. మా ఆవిడది తులారాశి, అది మాత్రం ఉంచండి.

– మీ పాత పాఠకుడు, విజయవాడ