నాబ్ తిప్పగానే హోరెత్తితే పవర్ ఉన్నట్టు కాదు

సంపాదకులకు,

ఆంప్లిఫయర్ కొనబోతే దుకాణంలో జరిగే తంతు ఒకటే. వాల్యూమ్ నాబ్ పావు వంతు తిప్పి, గది అదురుతుంటే ‘‘ఇంకా ముప్పావు మిగిలే ఉంది సార్’’ అంటారు. మిగిలి ఉండేది చాలాసార్లు శూన్యం. మామూలు ఆంప్లిఫయర్‌లో నాబ్ చేసేది లోపలికొచ్చే సిగ్నల్‌ను తగ్గించి పంపడమే. పెంచేది దాని వెనకున్న స్టేజీ. ఆ పెంపే గెయిన్, నాబ్ తిప్పితే అది మారదు.

గెయిన్ 26 డెసిబెల్స్ అంటే వోల్టేజీ 20 రెట్లు. 8 ఓంల స్పీకర్‌కు 50 వాట్లు అందాలంటే 20 వోల్టులు కావాలి, అంటే లోపలికి 1 వోల్టు చాలు. సీడీ ప్లేయర్ నిండుగా ఇచ్చేది 2 వోల్టులు. కాబట్టి 50 వాట్ల సెట్టు సగం సిగ్నల్ దగ్గరే హద్దు చేరుతుంది. ఆపైన తిప్పితే తరంగాల తలలు తెగి పాట చీలుతుంది, సన్నని ధ్వనులు పలికే చిన్న స్పీకర్ (ట్వీటర్) కాయిల్ మాడే ప్రమాదమూ ఉంది.

కోఠి గుజరాతీ గల్లీలో ఆంప్లిఫయర్ బోర్డు కొని సొంతంగా బిగించుకునేవారూ గెయిన్ చూసుకోవాలి. ఇలాంటి బోర్డుల్లో వాడే టీపీఏ3116 ఆంప్లిఫయర్ చిప్‌ను 20, 26, 32, 36 డెసిబెల్స్‌లో దేనికైనా కట్టొచ్చు. 36 అంటే 63 రెట్లు. 24 వోల్టుల సప్లై మీద పావు వోల్టు సిగ్నల్‌కే నిండిపోతుంది, పాట ఆపినా ‘స్స్’ పోదు. ఫోన్‌కు 26 చాలు.

రిపేర్లలో జరిగే పొరపాటు ఇంకోటి. గరగరమనే కంట్రోల్ (నాబ్‌తో తిరిగే రెసిస్టర్) తీసి ‘ఏ50కే’ (50కే అంటే 50 కిలో ఓంలు) బదులు ‘బీ50కే’ వేస్తారు. ‘ఏ’ లాగ్ రకం, సగం తిప్పితే సిగ్నల్‌లో 10-15 శాతమే వదులుతుంది. ‘బీ’ లీనియర్, సగానికి సగం వదిలేస్తుంది. అందుకే కొంచెం తిప్పితేనే మీద పడుతుంది. మళ్లీ మార్చే ఓపిక లేకపోతే కంట్రోల్ మధ్య కాలు నుంచి గ్రౌండ్‌కు, చానల్‌కొకటి, 5.6కే రెసిస్టర్ వేస్తే దాదాపు లాగ్ అవుతుంది. సీడీ ప్లేయర్, ఫోన్ ఆ లోడు మోస్తాయి, పాత వాల్వ్ ప్రీఆంప్‌లు (ఆంప్లిఫయర్‌కు ముందుండే గాజు వాల్వుల సెట్లు) మోయలేవు.

నాబ్ సున్నాకు తెచ్చినా శబ్దం తగ్గకపోతే ముందు కంట్రోల్ గ్రౌండ్ కాలు టంకం చూడండి. అక్కడ పగిలితే సిగ్నల్ మొత్తం లోపలికి పోతుంది. కొత్త కంట్రోల్ వేసినా గరగర పోకపోతే అనుమానించాల్సింది డీసీని ఆపి పాట సిగ్నల్‌ను మాత్రమే పంపాల్సిన కప్లింగ్ కెపాసిటర్‌ను, అది డీసీ లీక్ చేస్తోందేమోనని.

పెట్టె మీద పీఎంపీవో వాట్లు (క్షణకాలపు గరిష్ఠం పేరిట ఉబ్బించి చూపే అంకె) పెద్దక్షరాల్లో వేసే కంపెనీలు, నిండు పవర్‌కు ఎన్ని మిల్లీవోల్టులు కావాలో కూడా పక్కనే అచ్చువేయాలి. వేసేదాకా కొనేవారు పాట ఆపించి, నాబ్ మెల్లగా చివరిదాకా తిప్పి, స్పీకర్ దగ్గర చెవి పెట్టి ‘స్స్’ ఎంతుందో వినాలి.

- ఒక ఆడియో టెక్నీషియన్, హైదరాబాద్