సరదా మనిషంటే అంత చులకనా?

సంపాదకుడు గారికి నమస్కారం.

నవ్వుతూ తిరిగే మనిషిని చూస్తే 'వీడికేం బాధ్యతలుంటాయిలే' అనుకోవడం మనకు అలవాటైపోయింది. ముఖం ముడుచుకుని కూర్చున్నవాడే పెద్దమనిషి, లోతైనవాడు! ఈ లెక్క నాకెప్పుడూ అర్థం కాదు. కలుపుగోలుగా ఉండేవాళ్లకి కష్టాలేం తక్కువ కాదు, వాటిని ఎదుటివాళ్ల నెత్తిన రుద్దరంతే, పైగా ఆఫీసులో అందరూ టెన్షన్‌లో ఉన్నప్పుడు ఒక్క మాటతో వాతావరణాన్ని తేలిక చేసేది వాళ్లే, ఆ పనికి జీతమూ ఉండదు, ప్రమోషనూ రాదు.

కొంతవరకు ఇది పుట్టుకతో వచ్చేదే. కవలల మీద జరిగిన పరిశోధనలు స్వభావంలో వంశపారంపర్యం పాత్ర గట్టిగానే ఉందని చెప్పాయి. మిగతాది పెరిగిన తీరు, చుట్టూ ఉన్న మనుషులు, కాస్త సాధన. కాబట్టి "నా తత్వమే ఇంత" అని అందరి మీదా విసుక్కోవడానికి అదేం లైసెన్సు కాదు.

అలాగని బలవంతపు నవ్వు గురించి కాదు నేను చెప్పేది. నిజమైన నవ్వులో కళ్ల చుట్టూ ఉండే కండరం కూడా కదులుతుందని, దాన్ని కావాలని కదిలించడం కష్టమని 19వ శతాబ్దంలోనే ఫ్రెంచి వైద్యుడు డుషెన్ గమనించాడు. కస్టమర్ల ముందు రోజంతా నవ్వుతూనే ఉండాలని సిబ్బందిని శాసించే యాజమాన్యాలకు ఈ సంగతి ఎవరైనా చెబితే బాగుండు. ఇక మీ మధ్య ఉన్న సరదా మనిషిని "నీకేంటి, హాయిగా ఉంటావు" అని వదిలేయకుండా, ఎలా ఉన్నావని అప్పుడప్పుడు అడగండి, జవాబు వినేంత తీరిక ఉన్నప్పుడే అడగండి.

ఇట్లు,
ఒక పాఠకుడు