పెద్దమ్మ అనుమానానికి జవాబు

లండన్,
ఆదివారం రాత్రి

అమ్మకి,

నేను బాగున్నాను. దగ్గు పూర్తిగా పోయింది. ఫోన్‌లో చెప్పొచ్చుగా అంటావు. నువ్వేమో స్పీకర్ పెడతావు, పక్కన నాన్న, ఆ పక్కన పెద్దమ్మ. ఇంక నేనేం మాట్లాడతాను? అందుకే కాగితం తీశాను. ఇది నువ్వు చదువుకుని, ఎంత చెప్పాలో అంత చెప్పు వాళ్లకి.

స్టూడియోలో పని మామూలే. సోమవారం నుంచి శుక్రవారం దాకా కంప్యూటర్ ముందు ఫోటోలు సరిచేయడం, శనివారం ఎవరిదో ఒకరి చర్చి పెళ్లికి ఫోటోలు తీయడం. జీతం టైముకి పడుతోంది. వీసా సంగతి అన్నయ్యకి వివరంగా చెప్పాను, అడుగు.

ఇక పెద్దమ్మ సంగతి. 'ప్రతి శనివారం చర్చిలోనే ఉంటోందట, పిల్ల మారిపోయిందా ఏంటి' అందట కదా. మారలేదని చెప్పు. కూర్చోవడానికి కూడా తీరిక లేనిదాన్ని, ఇంక మారేదెక్కడ? నా చోటు స్తంభం వెనక. నల్ల ప్యాంటు, నల్ల చొక్కా, చప్పుడు చేయని రబ్బరు బూట్లు. ఆ రాతి నేల మీద మామూలు చెప్పులతో నడిస్తే ఆ చివరివాళ్లకి కూడా వినిపిస్తుంది. కెమెరా సంచికి అంటించి పీకే వెల్‌క్రో పట్టీ ఉండకూడదని మా బాస్ మొదటి రోజే చెప్పింది. ఆ నిశ్శబ్దంలో అది బర్రుమంటే ఎలా ఉంటుందో ఊహించుకో.

నాన్న కోపం వేరు, నాకు తెలుసు. బీటెక్ చదివి కెమెరా పట్టుకుందని. ఇది ఆయనకి చదివి వినిపించు. ఇక్కడ సెయింట్ బార్తలోమ్యూ ది గ్రేట్ అని ఒక చర్చి ఉంది, 1123లో కట్టడం మొదలుపెట్టారు. సెలవు రోజున వెలుతురు ఎలా ఉంటుందో చూద్దామని వెళ్లాను. లండన్‌ని తగలబెట్టిన 1666 మంటలూ దాన్ని అంటలేదు, రెండో ప్రపంచ యుద్ధం బాంబులూ కూల్చలేదు. ఎనిమిదో హెన్రీ రాజు కాలంలో ముందు భాగం పడగొట్టేశారు, ఇప్పుడు మనం చూసేది మిగిలిన భాగమే. అందులో ఒక చాపెల్లో, అంటే చిన్న ప్రార్థన గదిలో, ఒకప్పుడు ప్రింటింగ్ ప్రెస్ నడిచేదట. 1725లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ అక్కడ కూలికి అచ్చుపని చేశాడు. అమెరికా నోటు మీద బొమ్మ ఉన్న ఫ్రాంక్లినే. అలాంటివాడికి నామోషీ కాని చేతిపని మనకెందుకు నామోషీ అని నా మాటగా అడుగు. గట్టిగా అడక్కు, బీపీ ఉంది.

అక్కడ లావుపాటి గుండ్రటి స్తంభాలు, పైన ఒక పక్కకి గోడలోంచి ముందుకు పొడుచుకొచ్చిన కిటికీ. ఐదొందల ఏళ్ల కిందట అక్కడి మఠం పెద్ద బోల్టన్ పెట్టించుకున్నాడు. కింద సన్యాసులు ప్రార్థన సరిగ్గా చేస్తున్నారో లేదో తాను కనబడకుండా చూడటానికి అంటారు. దాని కింద చాలాసేపు నిలబడ్డాను. మా వృత్తికి ఆదిపురుషుడు ఆయనే అనిపించింది.

తమ్ముడు కెమెరా సెట్టింగులు అడిగాడు. ఈ పేరా వాడికి, నువ్వు వదిలేయ్. ఫ్లాష్ ఊసే ఉండదు. లోపల చీకటి, కాబట్టి తక్కువ వెలుతురుని కూడా పట్టేలా ఐఎస్ఓ 6400, లెన్స్ బాగా తెరిచి 1.8, షటర్ సెకనులో 125వ వంతు. ఫోకస్ కోసం వెలిగే ఎర్ర లైటు, బీప్ శబ్దం రెండూ ఆపేయాలి. చప్పుడు రాని ఎలక్ట్రానిక్ షటర్ ఉంది కదా అనుకుంటాడేమో, కొన్ని ఎల్ఈడీ బల్బుల కింద దానితో తీస్తే ఫోటో నిండా చారలు పడతాయి. అలాంటి చోట పాట మొదలయ్యేదాకా ఆగుతాం. ఆర్గాన్ వాద్యం మోగుతుంటే మామూలు షటర్ కొట్టినా ఎవరికీ వినబడదు. ప్రమాణాలప్పుడు మాత్రం వేలు దాదాపు కదలదు, ఒక్కటో రెండో ఫోటోలు, అంతే.

కొందరు వికార్లు, అంటే ఇక్కడి పాస్టర్లు, ప్రమాణాలప్పుడు అసలు ఒప్పుకోరు. పెళ్లికూతురు లోపలికి వచ్చేటప్పుడు, సంతకాలప్పుడు, బయటికి వెళ్లేటప్పుడు, అంతే. మొన్న ఒక పల్లెటూరి చర్చిలో మమ్మల్ని వెనక బాప్తిస్మపు తొట్టి దాటి అడుగు వేయనివ్వలేదు. అంతకుముందు వారం ఎవరో వీడియో అతను బలిపీఠం వెనక్కి వెళ్లి నిలబడ్డాడట. మా బాస్ తిరుగు దారంతా కారులో సణుగుతూనే ఉంది. నాకైతే ఆ వికార్ గారి మాటే సబబనిపించింది. వాళ్లకది ప్రార్థన. మనం డబ్బు తీసుకుని వచ్చినవాళ్లం, పిలుపందుకుని వచ్చినవాళ్లం కూడా కాదు.

అంత దూరం నుంచి పెద్ద లెన్స్‌తో చూస్తుంటే పెళ్లికొడుకు మోకరిల్లాడు. బూటు అడుగున తగ్గింపు ధర స్టిక్కర్, పసుపు రంగుది, ఒక మూల లేచి ఉంది. నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కున్నాను. ఆ ఫోటో ఆల్బమ్‌లో పెట్టాం. పెళ్లికూతురికే అది అన్నిటికంటే నచ్చిందట.

అమ్మా, ఇంకొకటి. ఇక్కడ 1837 నుంచి పెళ్లి రిజిస్టర్‌లో తండ్రుల పేర్లు, వృత్తులు మాత్రమే రాసేవాళ్లు. 2021 మే 4 నుంచి తల్లుల పేర్లు, వాళ్ల పని కూడా రాస్తున్నారు. మొన్న సంతకాలప్పుడు పెళ్లికూతురి తల్లి హ్యాండ్‌బ్యాగ్‌లోంచి కళ్లజోడు తీసి, పత్రం మీదికి వంగి తన పేరు వెతుక్కుంది. కనబడగానే దాని మీద వేలు పెట్టి అలాగే ఉంచింది. నేను ఆ వేలినే తీశాను, ముఖం తీయలేదు. నీ పేరు పక్కన నీ పని ఏమని రాస్తారో అనుకున్నాను. నాన్న కొట్టు లెక్కలన్నీ చూసేది నువ్వే కదా.

ఇది చదివి నా పెళ్లి మాట ఎత్తకు. శనివారాలు ఖాళీ లేవు.

చలి మొదలైంది. నువ్వు పంపిన స్వెటర్ వేసుకుంటున్నాను, చర్చిలో మాత్రం కాదు, అది ఎరుపు. ఒంటరిగా ఉందని బెంగ పెట్టుకోకు. వారమంతా ఎవరితోనూ పెద్దగా మాట్లాడననేది నిజమే. కానీ శనివారం వచ్చేసరికి వందమంది ముఖాలు ఒక్కొక్కటే దగ్గరగా చూస్తాను. అది నీకు వింతగా ఉండొచ్చు, నాకు మాత్రం బాగానే ఉంది.

నాన్న మోకాలి స్కాన్ రిపోర్టు వచ్చిందా? తమ్ముణ్ని వాట్సాప్‌లో పెట్టమను. రెండు పేజీలూ పెట్టమను, పోయినసారి ఒకటే పెట్టాడు.

నీ
చిన్ని