అమ్మ బొటనవేలు పట్టుకున్న ఛత్రపురం టైపు తాతకు దండం

నిన్న రాత్రి బరంపురం స్టేషన్‌లో దిగాను. అరచేతుల్లో పొక్కులు ఇంకా ఆరలేదు, ఫోను పట్టుకుంటే మండుతున్నాయి. పడుకుని లేచాక రాసుకోవే అంది అమ్మ. పడుకుంటే నిద్ర రావడం లేదు. ఒడియా బడిలో చదివినదాన్ని, తెలుగు అక్షరాలు సెలవుల్లో ఇచ్ఛాపురం అమ్మమ్మ దగ్గర దిద్దుకున్నవి. తప్పులుంటే మన్నించండి.

మాది గోపాల్‌పూర్ దగ్గర చేపల పేట. ఇక్కడ మమ్మల్ని నోళియాలంటారు. నా పద్నాలుగో ఏట, పొడుగ్గా ఉన్నానని, చేతులు బారుగా ఉన్నాయని కటక్ పక్కన జగత్‌పూర్ హాస్టల్‌కి తీసుకున్నారు. అక్కడ మహానది మీద రోయింగ్, అంటే తెడ్లతో పడవ లాగే పందెం. 2010లో గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ప్రతిమా పుహాన, ప్రమీలా ప్రభా మింజ్ ఇద్దరే ఒక పడవ లాగి కాంస్యం తెచ్చారు. ఇద్దరూ ఒడిశా అమ్మాయిలే. ఆ మాట వింటూనే మేం పెరిగాం. మా అయ్య మొదటిసారి చూడ్డానికొచ్చి, "పోయే దిక్కుకి వీపు పెట్టి కూర్చుంటే ఎదురొచ్చే కెరటం ఎలా కనబడద్దే?" అన్నాడు. నదిలో కెరటాలుండవు అయ్యా అన్నాను.

నాది లైట్‌వెయిట్, తక్కువ బరువు వాళ్ల విభాగం. ఆడవాళ్లకి 59 కిలోలు దాటకూడదు. ఆ లెక్క కోసం ఎన్ని పూటలు అన్నం వదులుకున్నానో మా హాస్టల్ వంటమ్మకి తెలుసు. 1996 నుంచి ఒలింపిక్స్‌లో ఉన్న లైట్‌వెయిట్‌ని 2024 పారిస్‌తో ఆపేశారు. నా పని అయిపోయిందనుకుని వారం రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. 2028 లాస్ ఏంజిలిస్‌లో దాని బదులు సముద్రపు రోయింగ్ పెట్టారు, బీచ్ స్ప్రింట్ అంటారు. ఇసుక మీద పరుగెత్తి, పడవలోకి దూకి, బోయల మధ్య, అంటే నీళ్లలో తేలే గుర్తుల మధ్య మెలికలు తిరుగుతూ 250 మీటర్లు లోపలికి పోయి, తిప్పుకుని తిన్నగా ఒడ్డుకొచ్చి, మళ్లీ పరుగు. ఇది మా పేటలో పుట్టిన ఆటే కదా అనిపించింది. నది పడవ 14 కిలోలే, ఇది 35 కిలోలు. కెరటాల దెబ్బకి తట్టుకునేలా గట్టిగా కడతారు.

సెలక్షన్‌లో నెగ్గాను, థాయ్‌లాండ్ వెళ్లాలి. పాస్‌పోర్టు లేదు. నా పేరు 'వ'తో మొదలు. ఇచ్ఛాపురంలో పుట్టాను కాబట్టి పుట్టిన పత్రంలో 'వ' ఉంది. ఒడియా బడిలో మాస్టారు 'బ' రాశారు, ఇక్కడ 'వ'ని 'బ' అనే పలుకుతారు. పదో తరగతి సర్టిఫికెట్‌లో అదే 'బ'. ఆ ఒక్క అక్షరానికి పదకొండు రోజులు తిరిగాను. ఇద్దరూ ఒకరేనని అమ్మ అఫిడవిట్ ఇవ్వాలన్నారు. అమ్మకి సంతకం రాదు, వేలిముద్రే. ముప్పై ఏళ్లు ఉప్పులో, పొలుసులో నానిన వేలు. గీతలు అరిగిపోయాయి. రేషన్ మిషన్ కూడా ఆ వేలిని గుర్తుపట్టదు. ఒక ఆఫీసులో ఆ కాగితం చూసి, "ఇది ముద్రా, మరకా?" అని మా ముందే పక్కకి తోసేశారు. అమ్మ గంప పట్టుకుని నిలబడితే వాసనకి కుర్చీ వెనక్కి జరుపుకున్నారు. అది చూసింది అమ్మ, నేనూ చూశాను. బస్సులో దాని గురించి ఇద్దరం మాట్లాడుకోలేదు.

పన్నెండో రోజు ఛత్రపురం కోర్టు బయట, చెట్టు కింద టైపు మిషను పెట్టుకున్న ఒక ముసలాయన దగ్గర కూలబడ్డాం. మధ్యాహ్నం మూడు దాటింది. ఆయన నా రెండు కాగితాలూ చదివి నవ్వలేదు, విసుక్కోలేదు. అఫిడవిట్ కొట్టాడు. కొట్టాక అమ్మ వైపు చూసి "మా, హాత దియ" అన్నాడు. అమ్మ చెయ్యి ఇవ్వలేదు. కొంగులో దాచుకుంది.

ఆయన లేచి తన సీసాలో నీళ్లు తెచ్చాడు. సబ్బు ముక్క తెచ్చాడు. కింద కూర్చుని అమ్మ బొటనవేలు తన రెండు చేతులతో పట్టుకుని కడిగాడు. తన గాముఛాతో, భుజం మీది తువ్వాలుతో తుడిచాడు. అదే గాముఛాతో మొహం తుడుచుకునే మనిషి. టీ తెప్పించి, తాగడానికి కాదు, ఆ వేడి గ్లాసు అమ్మ వేలికి ఆనించి పట్టుకోమన్నాడు, చర్మం మెత్తబడాలని. పాత కాగితం మీద నాలుగుసార్లు వేయించి చూశాడు. ఐదోసారి అసలు కాగితం మీద, సిరా తక్కువ పెట్టి, మెల్లగా దొర్లించాడు. గీతలు పడ్డాయి. సన్నగా, అక్కడక్కడా తెగి, కానీ గీతలే. నేను ఆ చెట్టు వెనక్కి పోయి ఏడ్చాను. రెండు వేల మీటర్లు లాగి కడుపులో ఏమీ మిగలనప్పుడు కూడా అలా ఏడవలేదు.

అంతటితో ఆగలేదు. నోటరీ ఇంటికెళ్లిపోయాడంటే ఆటో ఎక్కించి ఆయన ఇంటికే తీసుకెళ్లాడు. పేపర్లో పేరు ప్రకటన వేయించాడు. కాగితం ఖర్చు తప్ప పైసా తీసుకోలేదు. నా అరచేతులు చూసి నువ్వూ వల లాగుతావా అని అడిగాడు. తెడ్డు అన్నాను. ఆయన పేరు అడగాలని నాకు తోచనే లేదు. తిట్టిన వాళ్ల బల్ల మీది పేరు మాత్రం ఇప్పటికీ గుర్తుంది.

పాస్‌పోర్టు బయల్దేరడానికి నాలుగు రోజుల ముందు చేతికొచ్చింది. థాయ్‌లాండ్‌లో టైమ్ ట్రయల్ దాటాను, క్వార్టర్స్‌లో ఓడిపోయాను. మలుపు దగ్గర బోయకి తెడ్డు తగిలింది, తప్పు నాదే. తిరుగుదారిలో వెనక నుంచి లేచిన కెరటాన్ని మాత్రం అయ్య చెప్పినట్టే పట్టాను, ఆ చివరి యాభై మీటర్లు నేను లాగలేదు, అదే మోసింది. నాకు ఎదురుపడిన అమ్మాయికి మూడేళ్లుగా సొంతంగా సముద్రపు పడవ ఉందట. నేను ఆ పడవ ఎక్కింది క్యాంపులో పంతొమ్మిది రోజులు. సముద్రం ఒడ్డున పుట్టిన పిల్లల్ని తీసుకెళ్లి నదిలో నేర్పిస్తారు, సముద్రపు ఆట వచ్చినప్పుడు మా ఒడ్డుకి ఒక్క పడవ ఇవ్వరు. పేరు సెలక్షన్ జాబితాలో పెట్టేవాళ్లు, పిల్లకి పాస్‌పోర్టు ఉందా అని ముందే ఒక్క ఫోను చేసి అడగలేరా?

అమ్మ గాజులు తాకట్టు పెట్టింది, అన్న సూరత్ నుంచి డబ్బు పంపాడు. ఇంట్లోవాళ్లకి ఇక్కడ ఏం చెప్తాను.

పోస్టు చేయబోతూ గుర్తొచ్చింది: షూస్ ఇచ్చిన జగత్‌పూర్ సీనియర్ అక్కకి, ఆ రోజు ఆఖరి బస్సు ఆపి ఉంచిన కండక్టర్‌కి, పొక్కులకి మందిచ్చిన కేరళ అమ్మాయికి కూడా దండాలు. అయ్యో, నోటరీ గారికి కూడా, లుంగీ మీదే బయటికొచ్చి సంతకం పెట్టారు. పుట్టిన పత్రం నకలు కోసం రెండుసార్లు వరసలో నిలబడిన ఇచ్ఛాపురం మావయ్యకి.

టైపు తాత తెలుగు చదవలేరు. ఇది ఒడియాలో ఆయనకి నేనే చదివి వినిపిస్తాను. రేపే వెళ్దామంటే అమ్మ వద్దంది. రేపు గురువారం, వాళ్లింట్లో నీచు తినరేమోనట. శుక్రవారం పొద్దున పడవలు ఒడ్డుకొచ్చాక మంచి కోనాం చేప ఏరి తీసుకెళ్దాం అంటోంది.