వ్యోమగాముల కంటి మాత్రలు మనకెందుకు?

సంపాదకుడు గారికి,

మా పర్లాకిమిడిలో ఒక మందుల షాపాయన మా ఆవిడకి "వ్యోమగాములు వాడేవే" అంటూ కంటి మాత్రల డబ్బా అంటగట్టాడు. ధర వినగానే నాకు కళ్లు తిరిగాయి. ఆరా తీస్తే అందులో సగమే నిజం. అంతరిక్షంలో బరువు తెలియక ఒంట్లోని ద్రవాలు తలవైపు చేరతాయి, నెలల తరబడి ఉన్నవాళ్లలో కొందరికి కంటినరం కనుగుడ్డును కలిసేచోట వాపొస్తుంది, కనుగుడ్డు వెనకభాగం చదునవుతుంది, దగ్గరి అక్షరాలు మసకేస్తాయి. అలా చూపు మారినవాళ్ల రక్తంలో హోమోసిస్టీన్ (బి విటమిన్లు తగ్గితే పెరిగే పదార్థం) ఎక్కువ, ఫోలేట్ అనే బి విటమిన్ తక్కువ ఉన్నట్టు నాసా పరిశోధకులు 2012లో ప్రచురించారు, బి విటమిన్ల మీద ఆసక్తి అందుకే. కానీ మాత్ర మింగితే ఆ జబ్బు రాదని ఇంకా ఎవరూ తేల్చలేదు.

డబ్బా మీద పెద్దక్షరాల్లో ఉన్న ల్యూటీన్ అనే పసుపు రంగు పదార్థం, ఆ ఫోలేట్ మా సంతలో దొరికే తోటకూరలోనూ, ఒడియావాళ్లు సజనా శాగ అనే మన మునగాకులోనూ ఉన్నవే. మా ఆవిడకి కావలసింది శుక్లాల పరీక్ష, రాకెట్ తిండి కాదు! మీ పేపర్లో ఎవరైనా కంటి డాక్టరుచేత దీని గురించి రాయించండి, ఇక్కడ తెలుగులో విడమరిచి చెప్పేవాళ్లు తక్కువ, డబ్బా మీదేమో అంతా ఇంగ్లీషే.

ఒక పాఠకుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా